ఏదొచ్చినా పట్టిన చేతులు

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని మన తెలుగులో ఒక సామెత ఉంది. ఆఫీసుల్లో గుమాస్తాలు అంటారు. పార్టీ మీటింగుల్లో నాయకులు అంటారు. ఇష్టం లేని పని నెత్తిన పడ్డప్పుడల్లా ఈ సామెత చెప్పి పకపక నవ్వుతారు.

నవ్వేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఆ సామెతలో ఉన్న మంత్రసాని ఎవరు? ఒప్పుకుంటావా అని ఆమెను ఎవరడిగారు? ఆమె చేతుల్లోకి వచ్చిందేమిటి? వచ్చింది మీరు. మీ నాయన. మీ తాత. మీ వంశోద్ధారకులంతా ముందు ఆ చేతుల్లో పడ్డాకనే మీ ఇంటిపేరు పెట్టుకున్నారు. తొట్టెలలో ఊగకముందు మాదిగామె పట్టిన చాటలో ఏడ్చారు.

నేను మంత్రసాని బిడ్డను. మాదిగ మంత్రసాని బిడ్డను. పదో తరగతి పాసై 1980ల చివర ఏఎన్ఎం ట్రైనింగుకు పోయిన. అప్పటినుంచి ఇవాళ్టిదాకా కాన్పుల గదులల్లనే బతికిన. ఇటు వాడల మా అవ్వ చేసిన కాన్పులు చూసిన, అటు దవాఖానల తెల్లకోటు కాన్పులు చూసిన. ఈ రెండింటి నడుమ నిలబడి మాట్లాడుతున్న. నాకు చదువు చెప్పిన పుస్తకాలు మా అవ్వను మురికిదన్నయి. ఇప్పుడొస్తున్న పరిశోధనలు ఆమె చేసిన పనుల్లో చాలా వాటిని సరైనవేనంటున్నయి. అవి కూడా ఆమె కులం గురించి మాట్లాడతలేవు. నా పేచీ అక్కడే.

మంత్రసాని పని అన్ని ఊళ్లల్ల ఒక్క కులానిదే కాదు. కొన్ని తావుల మంగలోళ్ల ఆడోళ్లు చేసిన్రు, కొన్ని తావుల చాకలోళ్లు చేసిన్రు, మా తావున మాదిగోళ్లం చేసినం. కానీ ఎక్కడ చూసినా ఆ పని కిందికే జారింది. అది మీది కులాలకు ఎన్నడూ ఎక్కలేదు. ఎందుకెక్కలేదు? ప్రాణం పోసే పని కదా, పుణ్యం కదా? గుడిలో గంట కొట్టే పుణ్యానికి పోటీ పడినోళ్లు ఈ పుణ్యానికి ఎందుకు పోటీ పడలేదు?

జవాబు మనుస్మృతిలో ఉంది. అయిదో అధ్యాయంలో, ఎవరిని ముట్టుకుంటే స్నానం చేయాలో చెప్పే జాబితా ఉంది. చండాలుడు, ముట్టయిన స్త్రీ, పతితుడు, బాలింత, శవం. ఈ వరుసను మళ్లీ ఒకసారి చదవండి. మాదిగోణ్ణీ బాలింతనూ ఒకే తాటికి కట్టిండు. బిడ్డను కన్న బ్రాహ్మణ స్త్రీ కూడా ఆ పది రోజులు వాళ్లింట్ల అంటరానిదే. కాబట్టి అంటరానిదాన్ని ముట్టడానికి ఇంకో అంటరానిదాన్ని పిలిచిన్రు. దొరసానికి ఆ అంటు పది దినాలు. మా అవ్వకు పుట్టినప్పటినుంచి కాట్లె కలిసేదాక. తేడా అంతే.

అర్ధరాత్రి వాడకు మనిషొచ్చేవాడు. వాడల అడుగు పెట్టకుండా చింతచెట్టు కాడ నిలబడి కేకేసేవాడు. మా అవ్వ పేరు చివర 'అమ్మ' అనే మాట ఉంది. అది మా వాడల పేరు. ఊరి నోట్లె ఆ 'అమ్మ' ఎన్నడూ పలకలేదు. సగం పేరు పిలిచి, ఆ సగానికి 'ఒసేయ్' తగిలించేటోళ్లు. అవ్వ కొంగు బిగించి లేచేది. నేను కందీలు పట్టుకొని ఎంట పోయేదాన్ని. ముందటి తలుపు నుంచి కాదు, దొడ్డి దారిన. నన్ను పసుల కొట్టం కాడ నిలబెట్టి అవ్వ లోపలికి పోయేది. కాన్పు గది అంటే ఇంట్లో అన్నిటికన్నా చీకటి గది. ఆ గదిలో ఉన్నంతసేపే ఆమె మాటకు విలువ. "దొరసానీ, జర ఓర్సుకో, బిడ్డ తొవ్వ పట్టింది" అంటే దొర తల్లి కూడా ఊకొట్టేది.

బిడ్డ కిందపడ్డంక అంతా మారిపోయేది. మాయ కుండల పెట్టి దొడ్లె పూడ్చేది అవ్వే. నెత్తురు ఎత్తేది అవ్వే. వాకిట్లె దూరంగ పెట్టిన చాటెడు వడ్లు, పాత చీర తీసుకొని వచ్చేది. కొడుకైతే ఇంకో సోలెడు ఎక్కువ. పదకొండో దినం పురుడు. ఇల్లంతా అలికి శుద్ధి చేసినంక ఇగ అవ్వకు ఆ గడప లేదు. ఆమె చేతులల్ల తొలిసారి ఊపిరి పీల్చిన పోరడు నాలుగేండ్లకు నడుచుకుంట వచ్చి, మా అవ్వను సగం పేరుతోనే పిలిచి, కట్టెలు కొట్టుమని చెప్పేవాడు. ఇది ఏ ధర్మం? తల్లి కడుపులనుంచి తీసిన చెయ్యికి ఆ ఇంట్ల మంచినీళ్ల చెంబు ఎందుకు అంటరానిదైంది?

ఈ పనికి ఏ తెలివీ అక్కర్లేదన్నట్టు రాసినోళ్లున్నరు. ఏం తెలివి ఉండెనో చెప్త వినుండ్రి. కడుపు మీద అరచెయ్యి పెట్టి తల ఎక్కడుందో, పిర్రలు ఎక్కడున్నయో చెప్పేది. నొప్పులు నిజమైనవో ఉత్తవో నడుము పట్టుకొని చెప్పేది. పడుకోబెట్టి కనుమనేది కాదు. తిప్పేది, దూలానికి తాడు కట్టి పట్టుకొమ్మనేది, మోకాళ్ల మీద కూసోబెట్టేది. గంటలు గంటలు ఆమె వెనకాల కూసొని నడుము రాసేది. తొందరపెట్టేది కాదు. మాయ పడేదాక బొడ్డు కోసేది కాదు. బిడ్డ అడ్డం తిరిగితే "ఇది నా చేతుల లేదు, దవాఖానకు తోలుండ్రి" అని మొదటనే చెప్పేది. ఏది తన చేతుల లేదో తెలవడం కూడా తెలివే.

ఇప్పుడు పరిశోధనలు ఏం చెప్తున్నయి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు సమయం సంరక్షణ గురించి 56 సిఫారసులు వేసింది. తల్లి తనకు నచ్చిన భంగిమలో కనొచ్చు అంది. నమ్మకమైన మనిషి ఒకరు వెంట ఉండాలి అంది. మామూలు కాన్పుకు ఎనిమా వద్దు, గొరగడం వద్దు, అందరికీ కోత కోసి కుట్లెయ్యడం వద్దు, కడుపు మీద ఎక్కి తొయ్యడం వద్దు అంది. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోలేదని మందు ఎక్కించి తొందరపెట్టొద్దు అంది. బొడ్డు ఒక నిమిషమన్నా ఆగి కోయాలని 2014లోనే చెప్పింది. ఆగితే బిడ్డకు నెత్తురు, ఇనుము అందుతాయట. కాన్పు పొడుగునా ఒక మనిషి పక్కన ఉంటే ఏమవుతుందని 17 దేశాల్లో జరిగిన 26 పరిశోధనలను 2017లో కాక్రేన్ సంస్థ కలిపి చూసింది. పదిహేను వేలకు పైగా స్త్రీలు. తోడు ఉన్నవాళ్లకు సిజేరియన్లు తక్కువ, మామూలు కాన్పులు ఎక్కువ, కాన్పు సమయం కూడా తక్కువ అని తేలింది. నడుము రాసుకుంట కూసున్న మా అవ్వ గంటలకు ఇన్నాళ్లకు ఒక లెక్క దొరికింది. ఆ లెక్కలో ఆమె పేరు లేదు.

మురికి సంగతికి వద్దాం. మురికి చేతులు అన్న ముద్ర మా మీద ఎప్పటినుంచో ఉంది. లేడీ కర్జన్ 1903లో విక్టోరియా స్మారక నిధి పెట్టించింది, దాయిలకు శిక్షణ ఇవ్వడానికి. ఆ నిధి 1918లో వేసిన నివేదికలో దాయి అంటే అజ్ఞానం, మురికి. అమెరికా నుంచి వచ్చిన కేథరిన్ మేయో 1927లో 'మదర్ ఇండియా' రాసి, అంటరాని దాయి ఎంత రోత మనిషో పేజీలకు పేజీలు వర్ణించింది. దేశం పరువు తీసిందని జాతీయవాదులు ఆమె మీద మండిపడ్డారు. మంత్రసాని పరువు తీసిందని మండిపడ్డవాళ్లను నేనింతవరకు చదవలేదు.

చరిత్రలో ఇంకో పేజీ కూడా ఉంది. వియన్నా నగరం పెద్దాస్పత్రిలో రెండు ప్రసూతి వార్డులుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, డాక్టరీ చదివే విద్యార్థులు. రెండోదాంట్లో మిడ్‌వైఫ్‌లు, అంటే మన మంత్రసానులు. డాక్టర్ల వార్డులో బాలింత జ్వరంతో చచ్చిపోయే తల్లులు చాలా ఎక్కువ. మిడ్‌వైఫ్‌ల వార్డులో తక్కువ. సెమ్మెల్వైస్ అనే డాక్టరు కారణం వెతికాడు. డాక్టర్లు శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని కనిపెట్టాడు. 1847లో క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడిగించాడు. చావులు పడిపోయాయి. అయినా పెద్దమనుషుల చేతులకు మురికి ఉందని ఒప్పుకోవడానికి తోటి డాక్టర్లలో చాలామంది సిద్ధపడలేదు. మరి ఆ మురికిని ఏ కులానికి అంటగట్టారు? ఎవరికీ కాదు. డాక్టరు చేతి మురికి ఒక పొరపాటు. కడిగితే పోయింది. మాదిగామె చేతి మురికి మాత్రం ఆమె పుట్టుక. ఎన్ని సబ్బులు పెట్టినా పోలేదు.

మంత్రసానులు చేసినవన్నీ మంచివేనని నేను వాదించడం లేదు. బొడ్డు మీద బూడిద, పేడ పెట్టిన తావులున్నయి. దాంతో ధనుర్వాతం వచ్చి పసిగుడ్లు పోయిన్రు. ముర్రుపాలు పిండి పారబోసిన ఇండ్లు ఊళ్లె కూడా ఉన్నయి, వాడల కూడా ఉన్నయి. ఇవి పోవాల్సినవే. పోయినయి కూడా. ఎట్ల పోయినయి? 1970ల చివర్లో సర్కారు ఊళ్లల్ల దాయిలకు శిక్షణ పెద్ద ఎత్తున పెట్టింది. మా అవ్వ కూడా పోయింది. ఒక డబ్బా ఇచ్చిన్రు. దాంట్ల కత్తెర, దారం, సబ్బు. అయిదు శుభ్రతలు నేర్పిన్రు: శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, శుభ్రమైన బొడ్డు. అక్షరం రాని మా అవ్వ అయిదు వేళ్లు మడిచి అయిదూ అప్పజెప్పేది. బాలింతలకూ పసిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతం పీడ వదిలిందని దేశం 2015లో ప్రకటించుకుంది. టీకా వేసిన ఏఎన్ఎంలకు దాంట్ల పాలుంది. బ్లేడు ఉడకబెట్టిన మంత్రసానులకు కూడా పాలుంది. ఆ పండుగ దినం వాళ్లను తలుచుకున్నోళ్లెవరు?

శిక్షణ ఇచ్చిన చేత్తోనే పక్కకు నెట్టేశారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య, స్త్రీవైద్యుల సమాఖ్య కలిసి ఒక ప్రకటన చేశాయి. సంప్రదాయ మంత్రసాని, శిక్షణ పొందినా పొందకపోయినా, నైపుణ్యం గల ప్రసవ సహాయకురాలి లెక్కలోకి రాదు అని. మరుసటి ఏడాది 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. కాన్పు దవాఖానలోనే కావాలి. తల్లిని తోలుకపోను ఆశా కార్యకర్త వచ్చింది. ఆశాకు ఎనిమిదో తరగతి చదువుండాలి అన్నారు. చదువు వాసన తగలకుండా తరతరాలు ఎవర్ని ఆపారో వాళ్లనే చదువు లేదని ఆపారు. పింఛను లేదు, బదులు పని లేదు, ఇన్నాళ్లు చేసినందుకు ఒక్క కాగితం లేదు.

"అయితే దవాఖాన వద్దంటవా?" అని అడుగుతారు. నన్ను ఆ ప్రశ్న అడగొద్దు. మా చిన్నమ్మను అడగాల్సింది. మా అవ్వ సొంత చెల్లెలు. మూడో కాన్పు. బిడ్డ పుట్టింది, నెత్తురు ఆగలేదు. మా అవ్వకు ఆ క్షణమే తెలిసింది, ఇది చేతి పని కాదు, సూది మందు కావాలి, నెత్తురు ఎక్కించాలి అని. దవాఖాన పద్నాలుగు మైళ్లు. ఊళ్లె మూడు కచ్చురాలున్నయి. ఆ మూడు ఇండ్లల్ల పిల్లలకు బొడ్డు కోసింది మా అవ్వే. మా అయ్య మూడు గడపల ముందట నిలబడి చేతులు జోడించిండు. ఒక ఇంట్ల ఎడ్లు అలిసినయన్నరు. ఒక ఇంట్ల దొర నిద్రలున్నడన్నరు. ఒక ఇంట్ల, మాదిగ బాలింత నెత్తురు బండికి అంటితే మళ్ల ఆ బండిల దేవుని వడ్లు ఎట్ల తెస్తమన్నరు. మంచానికి తాళ్లు కట్టి నలుగురు మోసిన్రు. ఊరి పొలిమేర దాటేసరికి చిన్నమ్మ చల్లబడ్డది.

ఆమెను ఎవరు చంపిన్రు? దవాఖాన రికార్డుకు ఆమె ఎక్కనే లేదు. ఎక్కి ఉంటే రాసేటోళ్లు: ఇంట్ల కాన్పు, మంత్రసాని, అధిక రక్తస్రావం. మూడు కచ్చురాల సంగతి ఏ కాలమ్‌ల రాస్తరు? తల్లి చావుకు కారణాలు చెప్పేటప్పుడు మూడు ఆలస్యాలు అని మాకు క్లాసుల పాఠం చెప్పిన్రు. పోదామని తేల్చుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరినంక వైద్యం అందడంలో ఆలస్యం. ఈ మూడింటిలో కులం ఎక్కడుందని నేను క్లాసుల లేచి అడిగిన. టీచరమ్మ, అది సిలబస్‌ల లేదన్నది. సిలబస్‌ల లేనిదే మా చిన్నమ్మను చంపింది.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. పదకొండు రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి చేసిన అధ్యయనం 2006లో 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' అనే పుస్తకంగా వచ్చింది. దాదాపు మూడో వంతు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇండ్లకు రావడం లేదని దాంట్లో తేలింది. మంత్రసాని మురికి మీద నూరేళ్లు రాసిన కలాలు ఈ మురికి మీద ఎన్ని పేజీలు రాశాయి?

దవాఖాన మా హక్కు. నెత్తురు నిల్వ, ఆపరేషను, రాత్రిపూట డాక్టరు, 108 బండి అన్నీ మా హక్కు. దేశంలో లక్ష కాన్పులకు 2001-03లో 301 మంది తల్లులు చచ్చిపోయేవాళ్లు. 2018-20 నాటికి అది 97కు వచ్చింది. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ దిగిన అంకెల్లో మా వాడల తల్లుల ప్రాణాలున్నాయి. దీన్ని నేను చిన్నగ చూడను.

కానీ దవాఖానకు పోయిన మా ఆడోళ్లు అక్కడ ఎట్ల చూడబడుతున్నరో కూడా చెప్పాలె. కాన్పుల గదిల తల్లి అరిస్తే తొడ మీద చరుస్తరు. "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అని బూతు మాట అంటరు. ఒక్క మనిషిని తోడు రానియ్యరు. ఏ వాడ అని అడిగి, ఆ జవాబును బట్టి గొంతు మారుస్తరు. నేను పనిచేసిన ఒక సర్కారు దవాఖానల మా వాడ పిల్లను కాళ్లు పట్టీలకు కట్టి, మంచం మీద ఎల్లకిల పండుకోబెట్టి, మత్తు ఇవ్వకుండ కుట్లేసిన్రు. నేను అడ్డం పోతే "నీకెందుకే, నీ చుట్టమా" అన్నరు. అవును, చుట్టమే. కాన్పుల గదులల్ల ఈ అవమానం, ఈ దెబ్బలు హక్కుల ఉల్లంఘన అని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన ఇయ్యాల్సి వచ్చిందంటే, ఇది ఒక్క దవాఖాన ముచ్చట కాదని అర్థమైతది.

ఇంకో పక్క కత్తి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే. వాటి ఫలమేంటి? మొత్తం కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లు. దేశ సగటు 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో నూటికి 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. సిజేరియన్లు నూటికి పది దాటాక, ఆ పెరుగుదలతో తల్లీబిడ్డల చావులు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఎవరి కోసం ఈ కోత? పైసల కోసం, మంచి ముహూర్తం కోసం, రాత్రంతా తల్లి పక్కన కూసునే మనిషి లేక. కూసునే మనిషిని మనం ఇరవై ఏండ్ల కింద వెళ్లగొట్టినం కదా! పొట్ట కోసిన బాలింత మా వాడల నెల తిరగకుండ నాటుకు పోతది. వంగితే కుట్లు లాగుతయి. ఆ నొప్పి ఏ సర్వే అడగదు.

ఈ మంటలు కనబడ్డాకనే మళ్లీ మిడ్‌వైఫ్ గుర్తుకొచ్చింది. చదువుకుని లైసెన్సు ఉన్న మిడ్‌వైఫ్‌లు అందరికీ అందితే, కుటుంబ నియంత్రణతో కలిపి, తల్లుల చావులూ పసిబిడ్డల చావులూ కడుపులోనే పోయే బిడ్డలూ నూటికి ఎనభైకి పైగా తగ్గించొచ్చని 2014లో లాన్సెట్ పత్రిక లెక్క తేల్చింది. మన పక్కనే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, మంత్రసానులను కలుపుకొని, ఇండ్లల్లనే పసిబిడ్డలను చూసే పద్ధతి పెట్టారు. నవజాత శిశువుల చావులు 62 శాతం తగ్గాయని 1999లో అదే లాన్సెట్‌లో అచ్చయింది. ఊరి ఆడమనిషి చేతికి విద్య అంటదన్న మాట అక్కడ చచ్చిపోయింది. తెలంగాణలో 2017లో యునిసెఫ్, హైదరాబాదు ఫెర్నాండెజ్ సంస్థల సాయంతో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫ్ చదువు మొదలైంది. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. నేను చప్పట్లు కొడతా. కానీ చప్పట్లు కొట్టుకుంటనే అడుగుతా: ఈ కొత్త గదిలోకి ఎవరొస్తారు? నర్సింగు డిగ్రీ డిప్లొమా ఉండాలి, రిజిస్ట్రేషను ఉండాలి, రెండేండ్ల అనుభవం ఉండాలి. ప్రైవేటు నర్సింగు కాలేజీల ఫీజు కట్టలేక ఇంటర్ కాడనే ఆగిన మంత్రసాని మనవరాలు ఏ తలుపు నుంచి రావాలె? మళ్లీ దొడ్డి దారేనా?

అంటరాని చేతుల్లో ఉన్నన్నాళ్లు అది మైల పని. డిగ్రీ చేతుల్లోకి రాగానే అది వృత్తి. హైదరాబాదు పెద్ద ఆస్పత్రుల్లో సహజ ప్రసవం అని ప్యాకేజీ అమ్ముతున్నారు. కూర్చొని కనే పీట, పట్టుకునే తాడు, పక్కన తోడు, మసక వెలుతురు. మా వాడల తాడుకు ధర లేకుండె. అక్కడ బిల్లు లక్ష దాటుతది.

పరిశోధకుల సంగతి కూడా చెప్పాలె. మంత్రసాని మీద రాసేటోళ్లు రెండు రకాలు. బిజ్నోర్ పల్లెల్లో తిరిగి 1989లో పుస్తకం వేసిన జెఫ్రీలు, లియోన్ దాయిని మైల ఎత్తే కూలిమనిషిగా చూపించారు. జానెట్ చావ్లా వంటి వాళ్లు దాయిల మాటలు, ఆచారాలు సేకరించి, ఇది మనం పోగొట్టుకుంటున్న స్త్రీల జ్ఞానం అన్నారు. 2006లో ఆమె కూర్చిన పుస్తకం వచ్చింది. మొదటివాళ్లు చూసింది అబద్ధం కాదు, ఊరు ఆమెను అట్లనే చూసింది. కానీ ఊరు చూసే చూపు మనిషి తెలివికి కొలమానం కాదు. రెండోవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ జ్ఞానం అని దండం పెట్టి ఊకుంటే సరిపోదు. ఆ జ్ఞానాన్ని మోసిన మనిషికి చాటెడు వడ్లే ఎందుకిచ్చారని అడగకపోతే, అది మళ్లీ మన వెట్టికి పూలదండ వేయడమే.

మా అవ్వ దగ్గరికి కూడా ఒకసారి పట్నం నుంచి ఇద్దరు వచ్చిన్రు. టేపు రికార్డరు, ప్రశ్నల కాగితాలు తెచ్చిన్రు. "కాన్పుకు ముందు మీరు చేతులు ఎన్నిసార్లు కడుక్కుంటారమ్మా?" అని అడిగిన్రు. అవ్వ వాళ్లను చూసి, "నేను కడుక్కునుడు రాసుకుంటున్నవు బిడ్డా. నేను పోయినంక వాళ్లు ఇల్లు ఎన్నిసార్లు కడిగిన్రో గది కూడ రాసుకో" అన్నది. వాళ్లు నవ్విన్రు. ఆ ప్రశ్న వాళ్ల కాగితంల లేదు. మూడు గంటలు మాట్లాడించుకొని, ఫొటో దిగి పోయిన్రు. ఆ నివేదికల ఆమె పేరు లేదు. 'అరవై ఏండ్ల, నిరక్షరాస్య, షెడ్యూల్డు కులం' అని ఉంది. ఆ మాటల కింద ఆమె చెప్పిన విద్యంతా వాళ్ల పేరు మీద ఉంది. పంట మాది, పట్టా వాళ్లది. భూమి కాడ జరిగిందే చదువు కాడ జరిగింది.

మా అవ్వ ఇప్పుడు లేదు. నేను ఆమె విద్యను కులవృత్తిగ కాపాడుమని అడగతలేను. కులం పనిని పంచడమే కాదు, పనిచేసే మనుషులనే ఒకరికొకరు అంటకుండా విడదీస్తుందని 1936లోనే అంబేద్కర్ తేల్చి చెప్పారు. మా పిల్లలు డాక్టర్లు కావాలె, పైలట్లు కావాలె. ఎవరికన్నా మిడ్‌వైఫ్ కావాలనిపిస్తే అది వాళ్ల ఇష్టంగ కావాలె, పుట్టుకగ కాదు. అదే అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థించారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి మేలని వాదించారు. 1929లో ఆ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాకనే వచ్చింది. 1961 చట్టం, 2017లో దానికి చేసిన ఇరవై ఆరు వారాల సవరణ కూడా ఉద్యోగం ఉన్నామె దగ్గరే ఆగినయి. పొలంల నాటేసే తల్లికి ఏమొచ్చింది? 2013 ఆహార భద్రత చట్టం ఆరు వేలకు తగ్గకుండ ఇస్తమన్నది. 2017లో కేంద్రం పథకం పెట్టి అయిదు వేలే అన్నది, అదీ మొదటి కాన్పుకే అన్నది.

కాబట్టి చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఉద్యమాలల్ల ఉన్న అన్నలూ అక్కలూ, ఇవి నా మాటలుగ కాదు, మన డిమాండ్లుగ పట్టుకపోండి. తల్లి చావును విచారించే ప్రతి కాగితంల కులం రాయాలె. బండి ఎవరియ్యలేదో, తలుపు ఎవరు తియ్యలేదో రాయాలె. 2014ల వచ్చిన ఆసరా పింఛన్లల్ల నేత కార్మికులున్నరు, గీత కార్మికులున్నరు, మంత్రసాని లేదు. బతికున్న ముసలి మంత్రసానులందరికీ, ఏ కులమైనా, పింఛను ఇయ్యాలె. మిడ్‌వైఫ్ చదువు సర్కారే చెప్పాలె, ఫీజు లేకుండ చెప్పాలె. దాంట్ల దళిత, మంగలి, చాకలి ఆడపిల్లలకు సీట్లు ఉండాలె. చదివినోళ్లకు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల కొలువు ఉండాలె. కాన్పుల గదిల తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలె. తిట్టిన చేతికీ కొట్టిన చేతికీ శిక్ష ఉండాలె. ఏ ఆస్పత్రి ఎన్ని పొట్టలు కోసిందో ఏటేటా గేటు ముందట బోర్డు మీద రాయాలె. పొలం కూలికి పోయే తల్లికి కూలి నష్టం సర్కారు కట్టాలె.

పరిశోధనలు చేసే విద్యార్థులకు ఒక్క మాట. వాడకు రండి, వద్దనం. టేపు రికార్డరు తెచ్చుకోండి. మీరు అడిగేదాంట్ల మా ప్రశ్న కూడా పెట్టండి. మంత్రసాని చెప్పింది మంత్రసాని పేరు మీద రాయండి, ఆమె అన్నది కాబట్టి ఆమెను కూడా రచయితగ రాయండి. రాసింది తెచ్చి వాడల చదివి వినిపించండి. తప్పుంటే మేం దిద్దుతం. ఈ దేశంల సగం మంది బొడ్డు కోసినోళ్లం, ఒక కాగితం మీద అక్షరం దిద్దలేమా?